స్ప్లిట్‌లో వదినగారి బ్రుదెత్

క్రొయేషియాలో ఉంటున్న మా చెల్లెలి కొడుకు ఇంటికి వెళ్లి వచ్చినప్పటి నుంచి, కావలిలో మా బంధువులు, ఇరుగుపొరుగు వారు నన్ను అడుగుతున్న మొదటి ప్రశ్న ఒక్కటే: అక్కడ ఏం తిన్నారు, అన్నం దొరికిందా, వెంట పచ్చళ్లు తీసుకుపోయారా? పదిహేడు శతాబ్దాల నాటి రోమన్ రాజభవనం గురించి గాని, సముద్రం రంగు గురించి గాని అడిగేవారు తర్వాత వస్తారు. ఆ ప్రశ్న నాకు చిన్నదిగా ఎన్నడూ తోచలేదు. ఒక ఇంటివాళ్లు తమ పొయ్యి మీద ఏం వండుకుంటారో, వచ్చినవాళ్లకు ఏం పెడతారో తెలిస్తే ఆ ఇంటి గురించి చాలావరకు తెలిసినట్టే. అందువల్ల ఆ ప్రయాణమంతా వదిలిపెట్టి, అక్కడ ఒక శుక్రవారం రాత్రి మా వియ్యాలవారి ఇంట్లో తిన్న భోజనం గురించే, అందులోనూ బ్రుదెత్ అనే వాళ్ల చేపల పులుసు గురించే రాస్తున్నాను.

మా చెల్లెలి కొడుకు ఓడల రూపకల్పనకు సంబంధించిన ఇంజినీరు. క్రొయేషియా దక్షిణ తీరమైన డాల్మేషియాలో, స్ప్లిట్ అనే రేవుపట్నంలో ఉద్యోగం చేస్తూ, ఆ ఊరి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. పెళ్లి కావలిలో మన పద్ధతిలోను, ఆ తర్వాత వాళ్ల చర్చిలోను జరిగింది. కావలి పెళ్లికి అమ్మాయి తమ్ముడు మాత్రమే రాగలిగాడు గనుక ఆమె తల్లిదండ్రులను మేము చూడటం ఇదే మొదటిసారి. 1991లో యుగోస్లావియా నుంచి విడిపోయి స్వతంత్రం ప్రకటించుకున్న క్రొయేషియా 2013లో ఐరోపా సమాఖ్యలో చేరింది. 2023 జనవరి 1 నుంచి అక్కడ యూరో చెల్లుతుంది, ఐరోపాలోని చాలా దేశాలకు ఒకటిగా చెల్లే షెంగెన్ వీసాతో అడుగుపెట్టవచ్చు. చెన్నైలో విమానం ఎక్కి, దారిలో మారి, నేనూ మా వారూ, మా చెల్లెలూ స్ప్లిట్‌లో దిగాము.

వియ్యపురాలిని మన వైపు ఆడవాళ్లు వదినగారూ అని పిలుస్తారు కదా. మా చెల్లెలికి ఆమె వదిన అయినప్పుడు నాకూ వదినే. వియ్యంకుడు అన్నయ్యగారు. ఈ వరసలన్నీ మావాడు వాళ్లకు ముందే చెప్పి ఉంచాడు. కోడలు నన్ను ‘పెద్దత్తయ్యా’ అని స్పష్టంగా పిలుస్తుంది. తెలుగులో ఆమె మాట్లాడగలిగినది మాట్లాడుతుంది, మిగిలినది మావాడు అటూ ఇటూ చెప్తాడు. వంటింట్లో ఉన్నంతసేపు మాత్రం నాకూ వదినగారికీ నడుమ చెప్పేవాళ్ల అవసరం పెద్దగా కలగలేదు.

మేము వెళ్లక ముందే ఆమె కబురు చేసి, ఎవరెవరు ఏమేమి తినరో తెలుసుకున్నారు. డాల్మేషియాలో ఇంటికి గౌరవంగా పిలుచుకున్న అతిథులు వస్తే పష్టిత్సాద అనే వంటకం చేయడం ఆనవాయితీ. పశుమాంసాన్ని వెనిగర్‌లో నానబెట్టి, ఎండు ప్లమ్ పండ్లతో కలిపి గంటల తరబడి ఉడికించే వంట అది. దానికంటే ముందుగా పళ్లెంలో పెట్టేది ప్రషుత్, అంటే ఉప్పు పట్టించి, పొగ చూపించి, చలికాలపు ఈశాన్య గాలికి నెలల పాటు ఆరబెట్టిన పందితొడ మాంసం. ఇంటికి వచ్చిన వియ్యాలవారికి ఈ రెండూ పెట్టకపోవడం ఆ ఊరి మర్యాదకు లోటే అవుతుంది. అయినా ఆమె వాటిని పక్కన పెట్టి, మేము సముద్రపు ఒడ్డు వాళ్లమని విని, చేపల వంటే చేస్తానన్నారు. వాళ్లు కాథలిక్కులు. శుక్రవారం ఆ ఇంట్లో ఎలాగూ మాంసం వండరు. అక్కడ పెద్ద భోజనం మధ్యాహ్నమే, రాత్రికి తేలికగా ఏదో తింటారు. అల్లుడు పని నుంచి వచ్చేదాకా ఆగి అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని ఆమె మా కోసం ఆ భోజనాన్ని రాత్రికి మార్చారు.

పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని చేపల బజారుకు వెళ్లారు. డయోక్లీషియన్ అనే రోమన్ చక్రవర్తి క్రీ.శ. 305లో సింహాసనం వదులుకున్న తర్వాత తన చివరి రోజులు గడపడానికని ముందే కట్టించుకున్న భవనమే ఈనాటి స్ప్లిట్ పాతబస్తీ. ఆ కోట గోడల మధ్య ఇప్పటికీ కాపురాలున్నాయి, కొట్లున్నాయి, బట్టలు ఆరేసిన కిటికీలున్నాయి. యునెస్కో 1979లో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. భవనానికి తూర్పున కూరగాయల బజారు, పడమర వైపు చేపల బజారు. చేపల బజారు పక్కనే గంధకపు నీటి ఊట ఉంది. దాని వాసనకే అక్కడ ఈగలు వాలవని ఊరివాళ్లు చెప్తారు. నాకు నిజంగానే ఈగ కనిపించలేదు.

చేపలు కొనే పద్ధతిలో మాత్రం నేను కావలిలో ఉన్నట్టే ఉంది. వదినగారు మొప్ప ఎత్తి ఎరుపు చూశారు, కన్ను ఉబ్బి తేటగా ఉందా లేదా చూశారు, వేలితో నొక్కి గుంట నిలుస్తుందా లేచిపోతుందా చూశారు. తుమ్మలపెంట నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే మా చేపలామె దగ్గర మా అమ్మ చేసింది ఇదే. బ్రుదెత్‌కు ఒక రకం చేప చాలదని, మూడు రకాలైనా ఉంటేనే రుచి అని ఆమె చెప్పారు. అందుకు ష్కర్పినా అనే ఎర్రని ముళ్లచేప ఒకటి, పాములా పొడవుగా ఉండే ఉగొర్ ముక్కలు, పెద్ద తల, వెడల్పు నోరు ఉన్న గ్రదొబినా తీసుకున్నారు. మొదటి రెండింటి తలలనూ విడిచిపెట్టలేదు. ఆ తలల సంగతి మళ్లీ వస్తుంది.

ఇక వంట. వెడల్పాటి, రెండు చెవులున్న గిన్నెలో ఆలివ్ నూనె ధారాళంగా పోసి, సన్నగా తరిగిన ఉల్లిపాయలను సన్నని సెగ మీద మెత్తబడి కరిగిపోయేదాకా మగ్గించారు. దీనికే చాలా సేపు పట్టింది. తొందరపడితే ఉల్లి ఎర్రబడుతుందని, అలా ఎర్రబడితే రసం చేదెక్కుతుందని చేతులతోనే చూపించారు. తర్వాత వెల్లుల్లి, టమాటా, బిర్యానీ ఆకు జాతికి దగ్గరగా ఉండే బే ఆకులు, పార్స్లీ కాడలు వేశారు. గట్టి చేప ముక్కలు అడుగున, లేత ముక్కలు పైన వచ్చేలా పొరలు పొరలుగా పరిచి, ద్రాక్ష వెనిగర్ పోసి, ముక్కలు మునిగేదాకా నీళ్లు పోశారు. చాలా ఇళ్లలో ఇందులో ద్రాక్షసారాయి కూడా పోస్తారట. మేము పుచ్చుకోమని తెలిసి ఆమె వెనిగర్‌తో సరిపెట్టారు. అలా చేయడమూ పాత పద్ధతేనట.

అప్పటిదాకా నేను చూసినది ఒక కొత్త వంట. గిన్నె ఉడుకు పట్టిన తర్వాత నేను అలవాటుగా గరిటె కోసం చుట్టూ చూశాను. వదినగారు తల అడ్డంగా ఊపి, రెండు చెవులనూ గుడ్డతో పట్టుకుని, గిన్నెను పొయ్యి మీదే గుండ్రంగా ఒక్కసారి తిప్పి కుదిపారు. చేప పడిన తర్వాత గరిటె పెట్టకూడదు, చట్టిని చెవుల దగ్గర పట్టుకుని తిప్పాలి అన్నది నెల్లూరు జిల్లాలో చేపల పులుసు చేసే ప్రతి ఇంట్లోనూ ఆడపిల్లకు మొదట నేర్పే మాట. నాకు మా అమ్మ నేర్పింది, ఆమెకు ఆమె తల్లి నేర్పింది. ఇన్ని సముద్రాల అవతల, మనతో ఏ సంబంధమూ లేకుండా, వదినగారికి వాళ్ల అమ్మ అదే నేర్పింది.

ఆ రాత్రి ఆ సంగతి గురించి చాలాసేపు ఆలోచించాను. దీనికి కారణం చేపలోనే ఉంది. మేక మాంసంలో కండను కండతో కట్టి ఉంచే పొర గట్టిది. అది మెత్తబడాలంటే గంటలు పడుతుంది. చేపలో ఆ పొర పలచన, కొద్దిపాటి వేడికే కరిగిపోయి కండ రేకులు రేకులుగా విడిపోతుంది. గరిటె తగిలితే ముక్క మిగలదు. కరిగిన ఆ పొరే, తలల నుంచీ ఎముకల నుంచీ దిగిన జిగురే, పిండి ఏదీ కలపకపోయినా బ్రుదెత్ రసాన్ని చిక్కబరుస్తుంది. వదినగారు తలలను వదలకపోవడానికి కారణం అదే. గిన్నెను కుదిపినప్పుడు ఆ జిగురు, నూనె, టమాటా ఒకటిగా కలుస్తాయి. మన పులుసులో చిక్కదనం చింతపండు గుజ్జు నుంచి, ఉల్లి నుంచి, వేయించి పొడి చేసిన ధనియాలు, మెంతుల నుంచి వస్తుంది గాని, తల వేసిన పులుసుకూ వేయని పులుసుకూ తేడా మన ఇళ్లలోనూ అందరికీ తెలిసిందే.

పులుపు విషయంలో మాత్రం రెండు వంటలూ వేరు దారులు పట్టాయి. చేపకు పులుపు కావాలన్నది రెండు తీరాలూ ఒప్పుకున్న మాట. నీచువాసనకు కారణమయ్యే పదార్థాలను ఆమ్లం కట్టివేస్తుంది గనుక పులుపు తగిలిన చేప వాసన తగ్గుతుంది. కానీ వెనిగర్‌లోని ఆమ్లం ఆవిరితో పాటు కొంత పైకి పోయేది. మొదట ముక్కుపుటాలను తాకి, ఉడికేకొద్దీ తగ్గి, తినేటప్పటికి తేటగా, వెనుకగా మిగులుతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం అలా ఆవిరయ్యేది కాదు. ఎంత మరిగితే పులుసు అంత చిక్కబడి, పులుపు అంత నిలబడుతుంది. అందులో ఉలవపాడు పచ్చిమామిడి ముక్కలు కూడా పడ్డాయంటే ఇక ఆ పులుపు నాలుక మీద నుంచి సాయంత్రం దాకా పోదు. ఆ పులుపుకు సాటి రావడానికే మన పులుసుకు అంత కారం, అంత మెంతి కావలసి వచ్చిందని నాకు అక్కడ అర్థమైంది. వెనిగర్ పులుపుకు ఆ అవసరం లేదు. అందువల్ల వాళ్లు ఉప్పు, బే ఆకు, కొద్దిగా మిరియాలతో ఆగిపోగలిగారు.

బ్రుదెత్‌ను అన్నంతో తినరు, పాలెంతతో తింటారు. మొక్కజొన్న రవ్వను మరుగుతున్న నీళ్లలో పోసి, ఉండ కట్టకుండా కర్రతెడ్డుతో ముప్పావుగంట సేపు కెలికితే వచ్చేది పాలెంత. ఇది చూసిన మా వారు, ‘ఇది మన సంగటే కదా’ అన్నారు. ఆయనది కనిగిరి వైపు. జొన్న సంగటి, సజ్జ సంగటి తిని పెరిగిన మనిషి. కొంతసేపయ్యాక తెడ్డు తాను అందుకుని, కుండను కాళ్ల మధ్య బిగించే అలవాటు ప్రకారం కాకపోయినా నిలబడే కెలికారు. వదినగారి చెయ్యి నొప్పి కొంత తగ్గింది. మొక్కజొన్న, టమాటా, మిరప ఈ మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. 1492లో కొలంబస్ ప్రయాణం తర్వాతే ఇవి ఐరోపా వాళ్లకూ, ఆ మీదట పోర్చుగీసు ఓడల ద్వారా మనకూ అందాయి. మొక్కజొన్న వాళ్ల ఇంట సంగటి అయింది, మిరప మన ఇంట పులుసును ఎర్రబరిచింది. అదే మిరప క్రొయేషియాలోనూ కొన్నిచోట్ల చేపల వంటలోకి వచ్చింది. దక్షిణాన నెరెత్వా నది లోయలో పాముచేపలతో, కప్పలతో చేసే బ్రుదెత్‌లో కారం పడుతుందని అన్నయ్యగారు చెప్పారు.

బల్ల మీద మొదట వచ్చినవి ఉప్పులో ఊరిన చిన్న చేపలు, ఆలివ్ కాయలు, పాగ్ ద్వీపపు గొర్రెపాల జున్ను. పాగ్ అంతా రాళ్ల నేల. చలికాలంలో వీచే గాలి సముద్రపు ఉప్పును ఆ కొద్దిపాటి మొక్కల మీద చల్లుతుంది. ఆ మొక్కలను మేసిన గొర్రెల పాలతో చేసిన జున్నుకు వేరే రుచి ఉంటుందని పేరు. అది గట్టిగా, ఉప్పగా, కొరికిన కొద్దీ కమ్మగా ఉంది. బల్ల మీది ఉప్పు స్టోన్ అనే ఊరి మడులలో పండినదట. ఆ మడులను కాపాడుకోవడానికి డుబ్రోవ్నిక్ గణరాజ్యం 14వ శతాబ్దంలో అయిదు కిలోమీటర్లకు పైగా రాతి గోడ కట్టుకుంది. చినగంజాం ఉప్పు కొఠార్లు చూసిన వాళ్లకు ఉప్పు కోసం గోడ కట్టడం వింతగా తోచదు. ఆ ఉప్పు తీయడంలో ఎంత ఎండ, ఎంత చాకిరీ ఉందో మన తీరంలో తెలియనిది ఎవరికి?

తర్వాత బ్లిత్వ వచ్చింది. బీట్‌రూట్ జాతికి చెందిన ఒక ఆకుకూరను బంగాళదుంపలతో ఉడికించి, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపిన కూర అది. మా చెల్లెలు అది రెండుసార్లు వడ్డించుకుంది. చివరికి గిన్నెతో సహా బ్రుదెత్‌ను బల్ల మధ్యలో పెట్టి, పళ్లెంలో పాలెంత వేసి, దాని మీద రసం, రసం మీద ముక్కలు ఆమె తన చేత్తోనే అందరికీ వడ్డించారు. అన్నయ్యగారు తమ గ్లాసులో ఎర్ర ద్రాక్షసారాయిలో సగానికి నీళ్లు కలుపుకున్నారు, మాకు నిమ్మరసం ఇచ్చారు.

రుచి ఎలా ఉందని అడిగే వాళ్లకు ఒక్క మాటలో చెప్పలేను. మొదటి ముద్దకు కారం వెతుక్కునే నాలుకకు కొంచెం ఖాళీగానే ఉంటుంది. రెండో ముద్దకు ఉల్లి తీపి తెలుస్తుంది. ఆ తర్వాత మూడు చేపలూ మూడు రుచులుగా విడివిడిగా తెలియడం మొదలవుతుంది: ముళ్లచేప తియ్యగా, పాముచేప కొవ్వుగా, మూడోది రొయ్యలాగా బిరుసుగా. మన పులుసులో చేప పులుసు రుచిని పీల్చుకుంటుంది. అక్కడ రసమే చేప రుచిని తీసుకుంటుంది. ఈ రెండింటిలో ఒకటి గొప్పదని నేను అనలేను గాని, విదేశం నుంచి వచ్చిన మనవాళ్లు అక్కడి తిండిని ‘చప్పిడి కూడు’ అని తీసిపారేయడం నాకు బాధ కలిగిస్తుంది. సంచిలో నుంచి పచ్చడి సీసా తీసి, వడ్డించిన వంటలో కలుపుకుని తింటే ఆకలి తీరుతుంది గాని, పొద్దున్నుంచి మన కోసం నిలబడి వండిన మనిషి చేతి రుచి మనకు ఎన్నటికీ తెలియదు. మా చెల్లెలు గోంగూర సీసా తీసుకువచ్చింది. ఆ రాత్రి అది మూత తీయకుండా వంటింటి అరలోనే ఉంది.

భోజనం అయ్యాక రొజాత పెట్టారు. గుడ్లు, పాలు, మాడ్చిన చక్కెర పాకంతో చేసే మెత్తని తీపి అది. దాన్ని తింటూ అన్నయ్యగారు తమ ఉద్యోగం గురించి చెప్పారు. ఆయన యుగోస్లావియా కాలంలో సరుకు ఓడల మీద పనిచేసిన నావికుడు. మన నెహ్రూ, యుగోస్లావియా నేత టిటో, ఈజిప్టు నేత నాసర్ కలిసి మొదలుపెట్టిన అలీనోద్యమం రోజులవి. ఆ ఉద్యమపు మొదటి శిఖరాగ్ర సభ 1961లో యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్‌లోనే జరిగింది. ఆయన ఓడ మద్రాసు రేవుకూ, విశాఖపట్నానికీ వచ్చిందట. రేవులో కొన్న చిన్న చిన్న అరటిపండ్ల తీపి, ఇనుప గొలుసు పట్టుకుంటే చెయ్యి కాలేంత ఎండ ఆయనకు ఇంకా జ్ఞాపకమున్నాయి. మేము మద్రాసుకు ఉత్తరంగా అదే తీరంలో ఉన్నామని మావాడు చెప్పగానే పాత అట్లాసు తెచ్చి, మద్రాసు నుంచి విశాఖకు ఓడ పోయిన దారి మీద వేలు పెట్టి, అయితే మీ ఊరిని దాటే వెళ్లాను అన్నారు. ఆ మాటకు మా వారి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ అంతే.

మర్నాడు వంటిల్లు నాది. వెంట తెచ్చిన చింతపండు, మెంతులు, ధనియాలు, నెల్లూరు కారం నా దగ్గర ఉన్నాయి. మన పండుగప్పను తలపించే బ్రాన్సిన్ అనే చేప బజారులో దొరికింది. పచ్చిమామిడి లేదు, మట్టి చట్టి లేదు, కరివేపాకు ఎండినది. కారం సగానికి తగ్గించాను గాని పులుపు తగ్గించలేదు. మెంతులు వేయించిన వాసనకు వదినగారు పొయ్యి దగ్గరికి వచ్చి గింజ ఒకటి కొరికి, చేదుకు ఆశ్చర్యపోయి, పులుసులో మరిగాక ఆ చేదు ఎక్కడికి పోతుందని అడిగించారు. ముక్కలు వేసిన తర్వాత నేను చెప్పకుండానే ఆమె వచ్చి ఒక చెవి పట్టుకున్నారు, నేను రెండో చెవి పట్టుకున్నాను. రుచి చూద్దామని చెంచా పట్టుకుని వచ్చిన అల్లుడిని ఆమే వెనక్కి పంపారు.

చేపల పులుసు చేసిన పూట కంటే మర్నాడు బాగుంటుందని నేను పట్టుబట్టడంతో ఆ పూట ఎవరూ ముట్టుకోలేదు. ఉప్పు, పులుపు ముక్క లోపలికి దిగడానికి ఆ సమయం కావాలి. బ్రుదెత్ కూడా మిగిలితే మర్నాడే బాగుంటుందని వదినగారు చెప్పారు గాని, వాళ్ల ఇంట్లో అది మిగిలిన సందర్భాలు తక్కువట. ఆదివారం మధ్యాహ్నం పులుసును అన్నంతో కొంత, పాలెంతతో కొంత తిన్నారు. పాలెంతతో మన పులుసు ఎంత బాగా కుదిరిందంటే, నేను కావలి వచ్చాక మొక్కజొన్న రవ్వ తెప్పించి అలాగే చేశాను. అన్నయ్యగారు చివరలో రొట్టె ముక్కతో పళ్లెం తుడిచి తిన్నారు. కారానికి చెమట పట్టింది, నీళ్లు తాగి మళ్లీ వడ్డించమన్నారు.

వచ్చే సంక్రాంతికి వాళ్లు కావలి వస్తున్నారు. అన్నయ్యగారికి మద్రాసు రేవును మళ్లీ చూడాలని కోరిక గనుక చెన్నైలో ఒక రోజు ఆగి, రైలులో కావలి చేరతారు. జనవరికి మామిడికాయ ఇంకా కాపుకు రాదు కాబట్టి ఆ పులుపును చింతపండే మోయాలి. కనిగిరి నుంచి జొన్నపిండి తెప్పించే పని మా వారు తీసుకున్నారు. అంతమందికి చాలే మట్టి చట్టి ఇంట్లో లేకపోవడంతో నిన్న ఒకటి కొన్నాను. ఇప్పటి నుంచే గంజి పోసి పొయ్యి మీద పదును పెడుతున్నాను.